పాల కేంద్రాల సాఫ్ట్‌వేర్‌కి గిట్‌హబ్ యాక్షన్స్: పద్నాలుగు నెలల వాడకం తర్వాత

ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లలో 43 పాల కేంద్రాలకి మేం సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాం. మేం అంటే ముగ్గురం: నేను, నాతో కోడ్ రాసే కుర్రాడు, కేంద్రాల నుంచి వచ్చే ఫోన్లు చూసుకునే అమ్మాయి. రైతు క్యాన్ తెచ్చి పాలు పోస్తాడు. మిషను వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే ఘనపదార్థం) చూపిస్తుంది. మా ప్రోగ్రాం రేటు లెక్కగట్టి తెలుగులో చీటీ ఇస్తుంది, పది రోజులకొకసారి బిల్లు తీస్తుంది. ఉదయం అయిదు నుంచి ఎనిమిదిన్నర దాకా ఒక పూట, సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడున్నర దాకా ఇంకో పూట. ఈ రెండు పూటల్లో సర్వర్ ఆగకూడదు. గేదె పాలిచ్చే టైము మన సర్వర్‌ని బట్టి మారదు కదా.

పద్నాలుగు నెలల క్రితం మా బిల్డు (కోడ్‌ని నడిచే రూపంలోకి తేవడం), టెస్టులు (కోడ్ సరిగా పనిచేస్తోందో చూసే పరీక్షలు), డిప్లాయ్ (కొత్త కోడ్‌ని సర్వర్ మీదికి ఎక్కించడం) అన్నీ గిట్‌హబ్ యాక్షన్స్ మీదికి మార్చాం. కోడ్ దాచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్, ఈ పనుల్ని మన బదులు చేసిపెట్టే దాని సదుపాయం యాక్షన్స్. ఇది దాని మీద నా అభిప్రాయం. పెద్ద కంపెనీల్లో దీనికోసం ప్రత్యేకంగా ఒక టీమే ఉంటుంది, వాళ్లకి నేను చెప్పేదేం లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక ఊళ్లో కూర్చుని నిజమైన మనుషులకి సాఫ్ట్‌వేర్ నడుపుతున్న వాళ్ల కోసం రాస్తున్నాను.

అంతకుముందు మా పద్ధతి చాలామందికి తెలిసిందే. ల్యాప్‌టాప్ నుంచి ఫైళ్లు సర్వర్‌కి కాపీ చేయడం, సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పుట్టీ అనే ప్రోగ్రాం తెరిచి కమాండ్లు కొట్టడం, సర్వీసు రీస్టార్ట్ చేయడం. మొత్తం 17 మెట్లు. ఒక కాగితం మీద రాసి నా టేబుల్ పక్క గోడకి అతికించాను. వరస తప్పకుండా చేస్తే పాతిక నిమిషాల పని. ఒక గురువారం సాయంత్రం నాలుగుంబావుకి, రేట్ల పట్టికలో చిన్న మార్పే కదా అని తొందరపడి చేశాను. పదకొండో మెట్టు వదిలేశాను, అంటే డేటాబేస్ మైగ్రేషన్ (కొత్త కోడ్‌కి తగ్గట్టు డేటాబేస్ పట్టికల్ని మార్చే స్క్రిప్టు) నడపలేదు. కొత్త కోడ్, డేటాబేస్‌లో ఇంకా లేని కాలమ్ కోసం వెతకడం మొదలుపెట్టింది. నాలుగున్నరకి కేంద్రాలు తెరిచారు, చీటీలు ఆగిపోయాయి.

మొదటి ఫోన్ ఒక కేంద్రం సెక్రటరీ గారిది. అరవై దాటిన మనిషి. "అమ్మా, చీటీలు రావట్లేదు. నేను కాగితం మీద రాసుకుంటున్నాలే, కంగారు పడకు. కానీ బయట లైను పెరిగిపోతోంది, కాస్త తొందరగా చూడు తల్లీ" అన్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది. తప్పు ఎక్కడుందో పట్టుకునేసరికి 50 నిమిషాలు పట్టింది. మర్నాడు ముగ్గురం కూర్చుని, కాగితాల మీద రాసిన ఆరు వందల పైచిలుకు ఎంట్రీలు కేంద్రాల వాళ్లు ఫోన్‌లో చదువుతుంటే టైపు చేశాం. ఆ సాయంత్రమే కుర్రాడితో చెప్పాను, ఇక ఈ పని చేత్తో చేయొద్దని.

గిట్‌హబ్ యాక్షన్స్ ఎందుకంటే మా కోడ్ అప్పటికే గిట్‌హబ్‌లో ప్రైవేట్ రిపోలో, అంటే బయటివాళ్లకి కనపడని కోడ్ ఫోల్డర్లో ఉంది. కొత్త అకౌంట్ అక్కర్లేదు, కొత్త పాస్‌వర్డ్ అక్కర్లేదు. 2018 అక్టోబర్‌లో దీన్ని ప్రకటించారు, బిల్డు, డిప్లాయ్ పనులకి పనికొచ్చే రూపంలో 2019 నవంబర్‌లో అందరికీ ఇచ్చారు. రిపోలో ఒక ఫోల్డర్ ఉంటుంది, అందులో యామల్ అనే పద్ధతిలో పనుల జాబితా రాసిన ఫైలు పెడతాం, దాన్నే వర్క్‌ఫ్లో ఫైలు అంటారు. ఎవరైనా కోడ్ పుష్ చేయగానే (గిట్‌హబ్‌కి పంపగానే) గిట్‌హబ్ తన దగ్గర ఒక కొత్త ఖాళీ మిషను తీసి, మనం ఆ ఫైల్లో రాసిన పనులు వరసగా చేసి, పని అయ్యాక ఆ మిషను పారేస్తుంది. ఆ మిషన్ని రన్నర్ అంటారు. దీన్ని వాడాలంటే అర్థం చేసుకోవాల్సింది ఇంతే. మన ల్యాప్‌టాప్‌లో ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసి మర్చిపోయిన వస్తువు ఏదీ ఆ మిషన్లో ఉండదు. కావలసినవన్నీ ఫైల్లో రాయాల్సిందే.

ఇందులో మేం మొదట నేర్చుకున్నది కూడా అదే. మొదటిసారి టెస్టులు నడిపితే సగం ఫెయిలయ్యాయి. కోడ్‌లో తప్పు లేదు. నా ల్యాప్‌టాప్‌లో ఉన్న రెండు లైబ్రరీలు ఏ లిస్టులోనూ రాయకుండా వాడేస్తున్నామని అప్పుడు తెలిసింది. పైథాన్ వెర్షన్ దగ్గర ఇంకో గంట పోయింది. ఫైల్లో 3.10 అని కోట్స్ లేకుండా రాశాను. యామల్ దాన్ని దశాంశ సంఖ్య అనుకుంటుంది, చివరి సున్నా తీసేసి 3.1 చేస్తుంది. పైథాన్ 3.1 దొరకలేదని ఎర్రర్ వస్తే, నేను 3.1 అని ఎక్కడ రాశానా అని వెతుక్కుంటూ కూర్చున్నాను. వెర్షన్ నంబర్లకి ఎప్పుడూ కోట్స్ పెట్టండి.

తర్వాతది మన భాషకి సంబంధించింది, ఇంగ్లీషు ట్యుటోరియల్స్‌లో దొరకదు కాబట్టి వివరంగా చెప్తాను. మాకు చీటీ పీడీఎఫ్ తయారుచేసి, దాన్ని ఇదివరకు సేవ్ చేసి పెట్టిన బొమ్మతో పోల్చే టెస్టు ఒకటి ఉంది. రైతు పేరు రెండు లైన్లలోకి జారిపోయినా, వత్తులు విడిపోయినా ఆ టెస్టు పట్టుకోవాలి. రన్నర్ మీద అది తయారుచేసిన చీటీ చూస్తే పేర్లు ఉండాల్సిన చోట అన్నీ ఖాళీ డబ్బాలు. ఆ ఉబుంటు మిషన్లో తెలుగు ఫాంట్ లేదు. నోటో ఫాంట్ల ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసే లైను ఒకటి రాస్తే డబ్బాలు పోయాయి. అయినా టెస్టు పాసవలేదు. మా సర్వర్‌లో ఉన్న ఫాంట్ వెర్షనూ ఇదీ ఒకటి కాదు, అక్షరాల వెడల్పులో వెంట్రుకవాసి తేడా. చివరికి ఫాంట్ ఫైలునే తీసుకొచ్చి రిపోలో పెట్టేశాం. నోటో ఫాంట్లు ఓపెన్ లైసెన్సువి, అలా పెట్టుకోవచ్చు. ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో, రన్నర్‌లో, సర్వర్‌లో "వెంకటసుబ్బమ్మ" ఒకేలా అచ్చవుతుంది. చేత్తో డిప్లాయ్ చేసిన రోజుల్లో ఈ తేడా ఉందని కూడా మాకు తెలియదు.

ఇదే కారణంతో రన్నర్ పేరు దగ్గర ఉబుంటు-లేటెస్ట్ అని రాయడం మానేశాం. లేటెస్ట్ అంటే ఏ వెర్షన్ అన్నది గిట్‌హబ్ మారుస్తూ ఉంటుంది. 2024 చివర్లో మొదలుపెట్టి 2025 జనవరికల్లా అది 22.04 నుంచి 24.04కి మారింది. మన సర్వర్ ఏ వెర్షన్లో ఉందో అదే నంబరు రాసుకుంటే, మార్పు మనం అనుకున్న రోజున వస్తుంది.

డేటాబేస్ విషయంలో నాకు ఇది చాలా నచ్చింది. టెస్టులు నడిచేటప్పుడు పక్కనే ఒక పోస్ట్‌గ్రెస్ కంటెయినర్ (అప్పటికప్పుడు లేచే విడి డేటాబేస్) లేపమని ఫైల్లో నాలుగైదు లైన్లు రాస్తే చాలు. ప్రతి పుష్‌కీ ఖాళీ డేటాబేస్ మీద మా మైగ్రేషన్లన్నీ మొదటి నుంచి చివరి దాకా నడుస్తాయి. అంటే ఆ గురువారం నేను వదిలేసిన పదకొండో మెట్టు ఇప్పుడు రోజుకి పది పన్నెండు సార్లు దానంతటదే జరుగుతోంది. ఒక్క జాగ్రత్త: డేటాబేస్ పూర్తిగా లేచేదాకా ఆగమని హెల్త్ చెక్ రాయాలి. లేకపోతే టెస్టులు ముందు పరుగెత్తి, కనెక్షన్ దొరక్క ఫెయిలవుతాయి.

ఇక డబ్బు. ఉచిత ప్లాన్‌లో ప్రైవేట్ రిపోలకి నెలకి 2,000 నిమిషాలు ఇస్తారు. పబ్లిక్ రిపోలకి మామూలు రన్నర్లు పూర్తిగా ఉచితం. మా టెస్టులకి సుమారు నాలుగు నిమిషాలు పడుతుంది. రోజుకి పన్నెండు పుష్‌లు, నెలకి పాతిక పనిదినాలు వేసుకుంటే 1,200 నిమిషాలు. పద్నాలుగు నెలల్లో దీనికోసం మేం ఒక్క రూపాయి కట్టలేదు. అయితే లెక్క ఎలా వేస్తారో తెలుసుకోవాలి. ప్రతి జాబ్‌నీ (ఒక రన్నర్ మీద నడిచే పనుల గుంపు) పై నిమిషానికి రౌండ్ చేస్తారు. కుర్రాడు చక్కగా ఉంటుందని కొన్ని టెస్టుల్ని అయిదు చిన్న జాబులుగా విడగొట్టాడు, ఒక్కొక్కటీ ఇరవై సెకన్లు. మొత్తం రెండు నిమిషాలు కూడా లేని పనికి అయిదు నిమిషాలు పోయాయి. మళ్లీ కలిపేశాం.

అంతకంటే పెద్ద దెబ్బ నా వల్లే తగిలింది. ఒక రాత్రి పడుకోబోయే ముందు పుష్ చేశాను. ఒక టెస్టు ఎప్పటికీ రాని జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది. జాబ్‌కి టైమ్‌అవుట్ మనం రాయకపోతే డిఫాల్టుగా 360 నిమిషాలు. పొద్దున లేచి చూస్తే ఆరు గంటలు నడిచి ఆగిపోయి ఉంది. నెల కోటాలో 360 నిమిషాలు ఒక్క రాత్రిలో పోయాయి. ఇప్పుడు మా ప్రతి జాబ్‌లోనూ టైమ్‌అవుట్ 15 నిమిషాలు అన్న లైను ఉంటుంది. ఆ ఒక్క లైను మొదటి రోజే రాసుకోండి. దానితోపాటు కాన్‌కరెన్సీ అనే సెట్టింగ్ కూడా పెట్టుకోండి. ఒకే బ్రాంచ్‌లోకి, అంటే కోడ్ ఒకే శాఖలోకి, వెంటవెంటనే రెండు పుష్‌లు వస్తే పాత టెస్టుల్ని రద్దు చేసి కొత్తవి మాత్రమే నడుపుతుంది. డిప్లాయ్‌కి మాత్రం రద్దు పెట్టకూడదు, ఒకటి పూర్తయ్యేదాకా రెండోది ఆగాలి. సగం కాపీ అయిన కోడ్ మీద ఇంకో కాపీ మొదలైతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

డిప్లాయ్ దగ్గర మాకు రెండు వారాలు పట్టింది. ఎక్కువ ట్యుటోరియల్స్ చెప్పేది ఏమిటంటే, సర్వర్ ఎస్‌ఎస్‌హెచ్ కీని (దూరం నుంచి లాగిన్ అవ్వడానికి వాడే తాళంచెవి) గిట్‌హబ్ సీక్రెట్స్‌లో (రహస్యాలు దాచే చోట) పెట్టి, రన్నర్ నుంచి సర్వర్‌లోకి లాగిన్ అవ్వమని. అది పనిచేస్తుంది. కానీ మా సర్వర్ ఫైర్‌వాల్ ఆఫీసు ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి తప్ప ఎవరినీ ఎస్‌ఎస్‌హెచ్‌కి రానివ్వదు. గిట్‌హబ్ రన్నర్లు ప్రతిసారీ వేరే ఐపీతో వస్తాయి, వాటి లిస్టు చాలా పెద్దది, మారుతూ ఉంటుంది. ఈ ఒక్క పని కోసం తలుపు లోకమంతటికీ తెరవడం నాకిష్టం లేదు. ఆ సర్వర్‌లో రైతుల బ్యాంకు అకౌంట్ నంబర్లు ఉన్నాయి.

అందుకని సెల్ఫ్-హోస్టెడ్ రన్నర్ పెట్టుకున్నాం. అదొక చిన్న ప్రోగ్రాం. మన సర్వర్ మీదే ఇన్‌స్టాల్ చేస్తాం. అది లోపలి నుంచి బయటికి గిట్‌హబ్‌తో కనెక్షన్ పెట్టుకుని, పని ఏమైనా ఉందా అని అడుగుతూ ఉంటుంది. బయటి నుంచి లోపలికి ఒక్క పోర్టు కూడా తెరవక్కర్లేదు. టెస్టులు గిట్‌హబ్ మిషన్ల మీద, డిప్లాయ్ మాత్రం మా రన్నర్ మీద. దానికి విడిగా ఒక లినక్స్ యూజర్‌ని పెట్టి, సర్వీసు రీస్టార్ట్ చేసే ఒక్క కమాండ్‌కే సుడో (అడ్మిన్ అధికారం) ఇచ్చాం. పబ్లిక్ రిపోకి మాత్రం ఈ పద్ధతి వద్దు, గిట్‌హబ్ డాక్యుమెంటేషన్‌లోనూ ఆ హెచ్చరిక ఉంది. ఎవరో తెలియని మనిషి పంపిన పుల్ రిక్వెస్ట్‌లోని, అంటే కలుపుకోమని పంపిన మార్పులోని, కోడ్ మీ సర్వర్ మీద నడిచే అవకాశం ఉంటుంది.

మా డిప్లాయ్ స్క్రిప్టు చేసేది చాలా తక్కువ. కొత్త కోడ్‌ని తేదీ, టైము పేరుతో ఉన్న కొత్త ఫోల్డర్లో పెడుతుంది. డేటాబేస్ బ్యాకప్ తీస్తుంది. మైగ్రేషన్లు నడుపుతుంది. "కరెంట్" (ప్రస్తుతం నడిచేది) అనే లింకుని పాత ఫోల్డర్ నుంచి కొత్త ఫోల్డర్‌కి మారుస్తుంది. సర్వీసు రీస్టార్ట్ చేసి, ఒక పరీక్ష చీటీ అడుగుతుంది. చీటీ రాకపోతే లింకుని వెనక్కి మార్చి, మళ్లీ రీస్టార్ట్ చేసి, మా ఇద్దరికీ మెయిల్ పంపుతుంది. చివరి అయిదు ఫోల్డర్లూ అలాగే ఉంచుతాం. చూడండి, ఇందులో గిట్‌హబ్ గొప్పతనం ఏమీ లేదు. వెనక్కి వెళ్లే దారి మనమే వేసుకోవాలి, యాక్షన్స్ దాన్ని వేసిపెట్టదు. ఇది తెలియక కొంతమంది "యాక్షన్స్ పెట్టాం, ఇంక భయం లేదు" అనుకుంటారు. మనం రాసిన స్క్రిప్టు తప్పయితే ఆ తప్పునే అది ప్రతిసారీ పొల్లుపోకుండా చేస్తుంది.

మెయిన్ బ్రాంచ్‌లోకి కోడ్ రాగానే డిప్లాయ్ అయిపోయేలా మేం పెట్టలేదు. టెస్టులు వాటంతటవే నడుస్తాయి, డిప్లాయ్ మాత్రం మనిషి బటన్ నొక్కితేనే. వర్క్‌ఫ్లో ఫైల్లో దానికి ఒక చిన్న మాట రాస్తే గిట్‌హబ్ పేజీలో బటన్ వస్తుంది. ఆ బటన్ కూడా ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు దాకానే పనిచేస్తుంది. ఆ టైము దాటితే స్క్రిప్టు మొదటి లైన్లోనే ఆగిపోతుంది. ఈ కాపలా రాసేటప్పుడు ఒక తప్పు చేశాను, కుర్రాడు చూసి పట్టుకున్నాడు. నేను గంట 10 నుంచి 15 మధ్య ఉండాలని రాశాను. కానీ సర్వర్ గడియారం యూటీసీలో, అంటే మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంది. యూటీసీ పది అంటే మనకి మధ్యాహ్నం మూడున్నర, పదిహేను అంటే రాత్రి ఎనిమిదిన్నర. సరిగ్గా సాయంత్రం పూట మొత్తం డిప్లాయ్‌కి తలుపు తెరిచి, మిగతా రోజంతా మూసేసినట్టు. "అక్కా, ఇది తిరగేసి ఉంది" అన్నాడు. ఇప్పుడు ఆసియా/కోల్‌కతా టైము అడిగి పోల్చుతున్నాం. షెడ్యూల్ మీద నడిచే జాబులకి కూడా మామూలుగా యూటీసీ లెక్కే. మనకి ఉదయం పదింటికి కావాలంటే అక్కడ నాలుగున్నర అని రాయాలి. ఇంకో సంగతి, షెడ్యూల్ జాబులు చెప్పిన నిమిషానికే మొదలవుతాయన్న గ్యారంటీ లేదు. గంట మొదట్లో రద్దీ ఉంటుందని, ఆలస్యం కావచ్చని గిట్‌హబ్ వాళ్లే రాశారు. నిమిషం దగ్గర సున్నా బదులు 17 లాంటిది పెట్టుకోవడం మంచిది. కచ్చితంగా ఫలానా నిమిషానికే జరగాల్సిన పని మాత్రం సర్వర్‌లో టైము ప్రకారం పనులు నడిపే క్రాన్‌కే వదిలేయండి.

మైగ్రేషన్ల గురించి ఇంకో మాట. రెండో నెలలో ఒక కాలమ్ పేరు మార్చాం. టెస్టులన్నీ పాసయ్యాయి, ఎందుకంటే అక్కడ కొత్త కోడ్, కొత్త డేటాబేస్ ఒకేసారి ఉంటాయి. నిజం సర్వర్‌లో అలా ఉండదు. మైగ్రేషన్ నడిచాక, లింకు మారే ముందు, పాత కోడే కొత్త డేటాబేస్ మీద కొన్ని సెకన్లు నడుస్తుంది. దానికి పాత పేరు దొరకలేదు. ఉదయం పదకొండు కాబట్టి కేంద్రాల్లో ఎవరూ లేరు. లాగ్‌లో మాత్రం ఎర్రర్లు వరసగా కనిపించాయి. పైగా అలాంటి మార్పు తర్వాత లింకు వెనక్కి మార్చినా లాభం లేదు, పాత కోడ్ నడవదు. అప్పటినుంచి పేరు మార్పు మూడు విడతల్లో చేస్తున్నాం. మొదటి విడతలో కొత్త కాలమ్ పెట్టి రెండింట్లోనూ రాస్తాం. అది వారం నడిచాక కోడ్ పాత కాలమ్‌ని ముట్టుకోకుండా మారుస్తాం, ఆ తర్వాతి విడతలోనే పాత కాలమ్ తీసేస్తాం. ఈ క్రమశిక్షణ మనుషులది, ఏ టూల్ కూడా నేర్పదు.

భద్రత గురించి చెప్పకుండా ఈ రివ్యూ ముగించలేను. యాక్షన్స్‌లో ఇతరులు రాసిన ముక్కలు మన ఫైల్లో వాడుకోవచ్చు, అదే దాని బలం. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వాళ్ల "ఛేంజ్డ్-ఫైల్స్" అనే ముక్కలోకి ఎవరో చెడ్డ కోడ్ చొప్పించారు. అప్పటికి 23,000కి పైగా రిపోలు దాన్ని వాడుతున్నాయి. అది రన్నర్ మెమరీలో ఉన్న సీక్రెట్స్‌ని లాగ్‌లోకి కక్కింది. వెర్షన్ ట్యాగులనే (వెర్షన్లకి పెట్టే పేర్లు) ఆ చెడ్డ కమిట్ (సేవ్ చేసిన కోడ్ మార్పు) వైపు తిప్పేశారు. కాబట్టి ట్యాగు రాసుకున్న వాళ్లకి తమ ఫైల్లో ఏమీ మారినట్టు కనపడలేదు. మేం ఆ ముక్క వాడలేదు. అయినా ఆ వార్త చదివిన రోజే మేం వాడుతున్న ఆరు ముక్కలూ ముందేసుకుని కూర్చున్నాం. రెండు అనవసరం అనిపించి తీసేశాం, వాటి బదులు మూడేసి లైన్ల షెల్ కమాండ్లు చాలాయి. మిగతా నాలుగింటికీ ట్యాగు బదులు పూర్తి కమిట్ హ్యాష్ (ఆ కమిట్‌కే ప్రత్యేకమైన గుర్తు) రాశాం. ట్యాగుని మార్చొచ్చు, హ్యాష్‌ని మార్చలేరు. వర్క్‌ఫ్లో టోకెన్‌కి (రిపోని ముట్టుకోవడానికి వర్క్‌ఫ్లోకి గిట్‌హబ్ ఇచ్చే అనుమతి పత్రం) కూడా చదివే అనుమతి మాత్రమే ఉంచాం. రైతుల అసలు డేటా గిట్‌హబ్ మిషన్ల మీదికి ఎప్పుడూ వెళ్లదు. టెస్టుల్లో ఉన్న పేర్లు, అకౌంట్ నంబర్లు అన్నీ మేం కల్పించినవి. దీన్ని వీలుని బట్టి పాటించే నియమంగా చూడకండి.

నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. వర్క్‌ఫ్లో ఫైల్లో తప్పు వెతకాలంటే పుష్ చేసి, ఎదురుచూసి, లాగ్ చదివి, మళ్లీ పుష్ చేయాలి. మన కంప్యూటర్లోనే నడిపి చూసుకునే సదుపాయం గిట్‌హబ్ ఇవ్వదు. "యాక్ట్" అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం కొంత సాయం చేస్తుంది, కానీ అది అసలు రన్నర్‌కి పూర్తి నకలు కాదు. మేం కనుక్కున్న దారి, యామల్ ఫైల్లో తెలివి పెట్టకపోవడం. అసలు పనంతా షెల్ స్క్రిప్టుల్లో ఉంటుంది, యామల్ వాటిని పిలుస్తుంది. స్క్రిప్టుల్ని మా దగ్గరే నడిపి చూసుకుంటాం. రేపు టూల్ మార్చాల్సి వచ్చినా స్క్రిప్టులు మనవే. ఇంకొకటి, డిప్లాయ్ ముందు రెండో మనిషి ఆమోదం తప్పనిసరి చేసే సదుపాయం పబ్లిక్ రిపోలకి అందరికీ ఉంది. ప్రైవేట్ రిపోలకి మాత్రం ఎంటర్‌ప్రైజ్ ప్లాన్‌లోనే ఉంది. మాలాంటి ముగ్గురికి ఆ ప్లాన్ ఎలా కుదురుతుంది? ఇద్దరు మనుషులున్న చోటే రెండో కన్ను ఎక్కువ అవసరం. ఇది కింది ప్లాన్లకి కూడా ఇస్తే బాగుంటుందని నా కోరిక.

వేరేవి చూడలేదా అని అడుగుతారు. నేను ఇదివరకు పనిచేసిన చోట జెంకిన్స్ అనే ఇలాంటి టూల్ వాడాను. హడ్సన్ పేరుతో మొదలై 2011లో పేరు మారిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, దానితో చేయలేని పని లేదు. కానీ దానికి విడిగా ఒక సర్వర్ కావాలి, జావా, ప్లగిన్లు, వాటి అప్‌డేట్లు చూసుకునే మనిషి కావాలి. మా దగ్గర ఆ మనిషి లేరు. గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్ కూడా బాగుంటుంది. పైప్‌లైన్ ఫైలు (ఇక్కడి వర్క్‌ఫ్లో ఫైలు లాంటిది) చదవడానికి నాకు అదే తేలిగ్గా అనిపించింది, మొత్తాన్ని సొంత సర్వర్లో పెట్టుకోవచ్చు. కానీ ఉచిత ప్లాన్‌లో నెలకి 400 నిమిషాలే. కోడ్ ఇప్పటికే గిట్‌ల్యాబ్‌లో ఉన్నవాళ్లు దీనికోసం ఇల్లు మారక్కర్లేదు, అక్కడే చేసుకోవచ్చు. గిట్‌హబ్‌లో ఉన్నవాళ్లకి మాత్రం యాక్షన్స్ వదిలి ఇంకెక్కడికో వెళ్లడానికి కారణం నాకు కనిపించలేదు.

మొన్న శ్రావణంలో మా చెల్లి కూతురి నిశ్చితార్థానికి తెనాలి వెళ్లాను. పదకొండున్నరకి కుర్రాడు ఫోన్ చేశాడు. "అక్కా, బిల్లులో పైసలు రౌండ్ చేసే దగ్గర తేడా దొరికింది, సరిచేశాను. రేపు బిల్లు రోజు. నొక్కేదా?"

"టెస్టులు పాసయ్యాయా?"

"అన్నీ అయ్యాయి. చీటీ బొమ్మ కూడా చూసుకున్నా."

"నొక్కు."

మూడు నిమిషాల్లో అయిపోయిందని మెసేజ్ పెట్టాడు. రెండేళ్ల క్రితం అయితే నేను ఆ ఇంట్లో ఏదో ఒక గదిలో తలుపేసుకుని, ల్యాప్‌టాప్ ముందు గంటసేపు టెన్షన్ పడుతూ కూర్చునేదాన్ని. ఆ 17 మెట్లు నాకు తప్ప ఎవరికీ సరిగ్గా రావు. నాకు ఒంట్లో బాగాలేకపోతే 43 కేంద్రాలు ఏమవుతాయన్న భయం రాత్రుళ్లు నిజంగా ఉండేది. ఈ టూల్‌కి నేను ఇచ్చే మార్కుల్లో పెద్ద భాగం ఆ భయం పోయినందుకే.

మొదలుపెట్టే వాళ్లకి ఒక్కటే సలహా, డిప్లాయ్‌తో మొదలుపెట్టకండి. మొదటి నెల టెస్టులు మాత్రమే నడపండి, డిప్లాయ్ చేత్తోనే చేయండి. టెస్టులు లేని ప్రాజెక్టు అయితే ముందు అయిదంటే అయిదు రాయండి, డబ్బు లెక్కగట్టే చోట. టెస్టుల్లేకుండా డిప్లాయ్‌ని ఆటోమేట్ చేస్తే తప్పులు ఇంకా త్వరగా జనానికి చేరతాయి. మాది అయిదు టెస్టులతో మొదలై ఇప్పుడు 212 అయింది.

ఆ గోడమీది కాగితం ఇంకా ఉంది, కానీ దాని మీద ఇప్పుడు మూడే మెట్లు: ఆఫీసు నుంచి సర్వర్‌లోకి లాగిన్ అవ్వడం, కోడ్ తెచ్చుకోవడం, డిప్లాయ్ స్క్రిప్టుని చేత్తో నడపడం. గిట్‌హబ్ ఏ కారణం వల్లనైనా అందుబాటులో లేని రోజు కోసం అది. మూడు నెలలకొకసారి బటన్ ముట్టుకోకుండా అలాగే చేసి చూస్తాం. పోయిన నెల కుర్రాడు ఒక్కడే చేశాడు, నేను వెనక నిలబడి చూశాను, తొమ్మిది నిమిషాలు పట్టింది. వచ్చేసారి ఫోన్లు చూసే అమ్మాయి చేస్తానంది.